ప్రాచీన డీఎన్ఏ ‘జాతి’ని తేల్చదు

సంపాదకుడు గారికి,

మధ్యయుగంలో తూర్పు ఆసియా మైదానాల నుంచి వచ్చి హంగేరీ ప్రాంతాన్ని ఏలిన సంచారజాతి అవార్ల సమాధులపై మీ ఆదివారం వ్యాసం బాగుంది. కానీ ‘అవార్ల జాతి తేలింది’ అన్న శీర్షికే తప్పు.

ఆ సమాధులపై 2024లో వెలువడిన పరిశోధనలో నాలుగు శ్మశానాల్లోని 424 మంది డీఎన్ఏ చదివారు. తొమ్మిది తరాల వంశవృక్షం దొరికింది. మగవాళ్లు పుట్టినచోటే ఉండిపోయారు, కోడళ్లు బయటి నుంచి వచ్చారు. ఒకే స్త్రీకి అన్నదమ్ములిద్దరి వల్లా పిల్లలు కలిగిన సందర్భాలున్నాయి. ఆ నాలుగు చోట్లలో ఒకటైన రాకోసిఫల్వాలో 7వ శతాబ్దం చివర ఒక తండ్రివంశం పోయి మరొకటి వచ్చింది. పూర్వీకుల మూలాలు మాత్రం దాదాపు అవే! ‘ఎంత శాతం తూర్పు ఆసియా’ అని లెక్కేసి ఊరుకుంటే ఈ మార్పు కంటపడేదే కాదు.

పాత డీఎన్ఏ తీయడానికి పుర్రెలో లోపలి చెవి చుట్టూ ఉండే గట్టి ఎముక నుంచి కొన్ని పదుల మిల్లీగ్రాముల పొడి చాలు. డ్రిల్లు వేగం పెంచితే వేడికి ఉన్న డీఎన్ఏ కాస్తా పాడవుతుంది. పాత డీఎన్ఏ ముక్కల చివర్లలో సైటోసిన్ అనే డీఎన్ఏ ‘అక్షరం’ దెబ్బతిని, చదివే యంత్రానికి థైమిన్ అనే మరో అక్షరంలా కనిపిస్తుంది. ఆ గుర్తు లేకపోతే తవ్వినవాళ్ల డీఎన్ఏనేమో అని అనుమానించాల్సిందే.

మన వేడికి, తేమకి పాత డీఎన్ఏ నిలవడం మరీ కష్టం. హర్యానాలోని రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్కటే. అదే మంచుకొండల్లోని రూప్‌కుండ్ సరస్సు దగ్గర దొరికిన ఎముకల్లో 38 మందివి చదవగలిగారు, ఆ పనిలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా ఉంది. అందుకే మన తవ్వకాల్లో పుర్రె బయటపడితే కడగకూడదు, ఎండలో పెట్టకూడదు, వార్నిష్ పూయకూడదు. గ్లవ్స్, మాస్కు వేసుకుని తీసి, పొడిగా, చల్లగా భద్రపరచాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్