మంత్రి గారూ, మీ ఆఫీసులో లేని కాయితాలు మా ప్రెస్సు అటక మీద ఉన్నాయి

గౌరవనీయులైన రాష్ట్ర మున్సిపల్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేనొక చిన్న ఊళ్ళో ప్రింటింగ్ ప్రెస్ నడుపుకునేవాణ్ణి. మా ఊరి రోటరీ క్లబ్ అనే సేవా సంఘం వాళ్ళ హాలు ఖాళీ చేయమని మున్సిపాలిటీ వాళ్ళు నోటీసు అంటించారు, దాని గురించే ఈ ఉత్తరం. ఊరి పేరు, ఫైలు నంబరు మీ పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో విడిగా పంపాను, ఇక్కడ రాస్తే జనం కమిషనర్ గారి మీద పడతారు, ఆయనొచ్చి నాలుగు నెలలే పాపం. ఇంకో మాట ముందే చెప్తా, నేను రోటరీ మెంబర్‌ని కాను. మొదట్లో ఆ చందా కట్టే తాహతు లేదు, తాహతు వచ్చాక ఆ కోటేసుకుని కూర్చోవాలంటే సిగ్గేసింది.

నోటీసులో ఏముందంటే, స్థలం మున్సిపాలిటీది, లీజు అయిపోయింది, హాలు ఎవరు ఏ అనుమతితో కట్టారో రికార్డు లేదు, కాబట్టి ఆక్రమణ, పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి అని. అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ వస్తుందట. స్థలం మున్సిపాలిటీదే, లీజు అయిపోయిన మాటా నిజమే, వాటి మీద నాకు పేచీ లేదు. రికార్డు లేదన్నారు చూడండి, అక్కడే.

రికార్డు ఉంది సార్. మా అటక మీద ఉంది.

మా నాన్నకో అలవాటుండేది. ఏ జాబ్ వేసినా, శుభలేఖ గానీ బిల్లుబుక్కు గానీ సినిమా కరపత్రం గానీ, ఒక కాపీ తీసి ఇనప చువ్వకి గుచ్చేవాడు, ఏడాది కాగానే కట్ట కట్టి అటకెక్కించేవాడు. రేపెవడైనా తప్పు పడిందని గొడవకొస్తే చూపించడానికి అనేవాడు. అలా రోటరీ వాళ్ళు మా దగ్గర వేయించిన ప్రతి కాయితం ఉంది. వాళ్ళ దగ్గర మాత్రం ఏమీ లేదు, ఎందుకంటే రోటరీలో ప్రతి జులై 1న ప్రెసిడెంటు మారిపోతాడు, సెక్రటరీ మారిపోతాడు, మినిట్స్ పుస్తకాల సంచి ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పోతుంది, ఒక ఇంట్లో చెదలు పట్టాయి, ఒక ఇంట్లో కోడలు పాత పేపర్లతో పాటు తూకానికి వేసేసింది. అసలు రోటరీ అన్న పేరే అలా వచ్చింది కదా, 1905లో చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ఇంకో ముగ్గురితో మొదలెట్టి, మీటింగు ఒక వారం ఒకరి ఆఫీసులో ఇంకో వారం ఇంకొకరి ఆఫీసులో పెట్టుకునేవాళ్ళు, అలా తిరుగుతుంది కాబట్టి రోటరీ. ఆ ముగ్గురూ ఎవరంటే ఒక బొగ్గుల వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ. ఒక్కో వృత్తి నుంచి ఒక్కొక్కరు అని రూలు పెట్టుకున్నారు. మా ఊళ్ళో మొదలెట్టినప్పుడు రైసు మిల్లు ఓనరు, డాక్టరు, ప్లీడరు, ఎల్ఐసీ ఆఫీసరు అందరూ ఉన్నారు గానీ దర్జీని మాత్రం ఎవరూ పిలిచినట్టు లేరు. ప్రెస్సువాణ్ణీ పిలవలేదు లెండి.

మొదటి ఆహ్వాన పత్రిక నాన్నే కంపోజ్ చేశాడు, సీసం అక్షరాల్తో. చక్రం గుర్తు బ్లాకు విజయవాడలో చేయించారు. ఆ చక్రానికి 24 పళ్ళు, 6 ఆకులు ఉండాలి. మా బ్లాకుకి ఒక పన్ను ఎప్పుడో విరిగింది, ఏళ్ళ తరబడి 23 పళ్ళ చక్రంతోనే ఆహ్వానాలు వేశాం, ఎవరూ లెక్కపెట్టలేదు. చివరికి డిస్ట్రిక్ట్ గవర్నర్ విజిట్‌కి వచ్చినాయన పట్టుకున్నాడు. (ఆ గవర్నర్ అంటే రోటరీ జిల్లాకి గవర్నర్, కానీ మా కరపత్రంలో ఉత్త 'గవర్నర్ గారి రాక' అని వేసేసరికి ఊళ్ళో సగం మంది రాజ్‌భవన్ నుంచే వస్తున్నారనుకుని రోడ్డు మీదకొచ్చి నిలబడ్డారు.)

ఆ కట్టల్లో నాకు బాగా గుర్తున్నది 1977 నవంబరుది. దివిసీమ ఉప్పెన 19న వచ్చింది. మా ఊళ్ళోనూ చెట్లు పడి కరెంటు పోయింది, అయినా మాది కాలితో తొక్కే ట్రెడిల్ కాబట్టి పని ఆగలేదు, లాంతరు పెట్టుకుని నేను తొక్కుతుంటే నాన్న కాయితం అందించాడు. బియ్యం, పాత బట్టలు, గిన్నెలు, అగ్గిపెట్టెలు రోటరీ వారికి అందజేయగలరు అని. అగ్గిపెట్టెలు అన్న మాట చూసి అప్పుడు నవ్వొచ్చింది, తర్వాత లారీ వెంట వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పాక తెలిసింది, అక్కడ పొడి అగ్గిపుల్ల లేదని.

కంటి క్యాంపుల కరపత్రాలైతే ఒక బస్తాడు. "శుక్లములు గలవారు దుప్పటి, చెంబు, ఒక తోడు మనిషితో రావలెను." హైస్కూలు గదుల్లో బెంచీలు జరిపేసి, గోడలకి సున్నం కొట్టి ఆపరేషన్లు చేసేవాళ్ళు, ఇప్పుడలా చేస్తే కేసు పెడతారు, పెట్టాలి కూడా. కానీ అప్పుడు మా నాయనమ్మకి వేరే దారి లేదు, సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని బతికిన పన్నెండేళ్ళూ ఆవిడ మనుషుల్ని చూసింది అక్కడి పుణ్యమే. తర్వాత్తర్వాత లెన్సులొచ్చాయి, క్యాంపులో చూసి బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడం మొదలైంది, నా దగ్గర కరపత్రం కూడా మారింది, దుప్పటి చెంబు పోయి 'ఆధార్ కార్డు, రెండు ఫొటోలు' వచ్చాయి.

పోలియో సంగతి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. రోటరీ 1985లో ప్రపంచమంతా పోలియో లేకుండా చేయాలని పోలియోప్లస్ అనే కార్యక్రమం మొదలెట్టింది, మన దేశంలో పల్స్ పోలియో ఆదివారాలు 1995 డిసెంబరులో మొదలయ్యాయి. నేను అబద్ధం చెప్పను, అసలు కష్టం ఏఎన్ఎమ్‌లది, అంగన్‌వాడీ అమ్మాయిలది. క్లబ్ వాళ్ళు ఐసు, ఆటో, మైకు, ఇడ్లీ పొట్లాలు చూసుకునేవాళ్ళు, పసుపుపచ్చ బ్యానరు కట్టి ముందు నిలబడి ఫొటో కూడా తీయించుకునేవాళ్ళు. మా చెల్లెలికి పోలియో. కుడి కాలు సన్నంగా ఉంటుంది, మోకాలి మీద చెయ్యి ఆనించి నడుస్తుంది. ఎవరు అడిగారో గుర్తులేదు గానీ ప్రతి పోలియో ఆదివారం ఆ హాలు ముందు బూత్‌లో కుర్చీ వేసుకుని కూర్చునేది, మొన్నే వేయించాం మళ్ళీ ఎందుకు అని వెనక్కెళ్ళే తల్లులతో ఏమీ వాదించేది కాదు, లేచి నాలుగడుగులు నడిచేది అంతే. 2009లో కూడా మన దేశంలో 741 కేసులొచ్చాయి, ప్రపంచంలో ఇంకెక్కడా అన్ని లేవు. చివరి కేసు 2011 జనవరిలో, హౌరాలో ఒక చిన్న పాప. 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ సాయంత్రం హాల్లో స్వీట్లు పంచారు, మా చెల్లెలికి శాలువా కప్పబోతే వద్దంది, చేతికర్ర ఇప్పిస్తే పనికొస్తుందంది. ఇప్పించారు.

అంతా మంచే అని చెప్పడానికి కాదు నేను రాస్తోంది. పైగదిలో పేకాట ఆడిన మాట నిజం. ఒక బ్రెడ్డు ప్యాకెట్టుకి పదకొండు మంది చెయ్యి పెట్టి ఆస్పత్రిలో ఫొటో దిగిన మాటా నిజం, ఆ ఫొటోలన్నీ నేనే ప్రింట్ చేశా. రోటరీ రూలు మారి 1989లో ఆడవాళ్ళని మెంబర్లుగా తీసుకోవచ్చన్నాక కూడా మావాళ్ళు చాన్నాళ్ళు 'సతీసమేతంగా' అని వేయించడంతోనే సరిపెట్టారు, మెంబర్ల భార్యల్ని మీటింగుల్లో 'ఆన్' ఫలానా అని పిలుస్తారు, అదేంటో నాకిప్పటికీ వింతే. హాలు ఫంక్షన్లకి అద్దెకిచ్చిన డబ్బు లెక్కలు సరిగ్గా లేవన్నారు, అడగండి, ఆడిట్ చేయించండి, నేనే ముందుంటా.

ఇప్పుడు అసలు కాయితం. హాలు కట్టడానికి వేయించిన చందాల కరపత్రం నా ముందుంది సార్, చూసి రాస్తున్నా. అవి సిమెంటుకి పర్మిట్ కావాల్సిన రోజులు. దాతల జాబితాలో డబ్బు ఇచ్చినవాళ్ళు తక్కువ. రైసు మిల్లు వారు సిమెంటు, ఇటుక బట్టీ వారు ఇటుక, బండ్లవాళ్ళ సంఘం వారు 'ఇసుక బండ్లు పదకొండు', కూరగాయల మార్కెట్టు వారు 'పనివారికి ఒక పూట భోజనం'. కింద చిన్న అక్షరాల్లో, స్థలం ఇచ్చిన మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం నంబరు, తేదీ ఉన్నాయి. ఇంకో కాయితం శంకుస్థాపన ఆహ్వానం. శంకుస్థాపన చేసింది అప్పటి మున్సిపల్ చైర్మన్ గారు. ముఖ్య అతిథి అప్పటి మున్సిపల్ కమిషనర్ గారు. ఆక్రమణకి కొబ్బరికాయ కొట్టడానికి కమిషనర్ గారు వస్తారా సార్?

నేను అడిగేది చిన్నది. స్థలం తీసుకోండి, లేదా ఇవాళ్టి రేటు ప్రకారం అద్దె వేయండి, ఏడాదికి రూపాయి లీజు ఇంకా కావాలని ఎవరూ అనట్లేదు. కాంప్లెక్సే కట్టాలంటే కట్టండి, కానీ కింద రోడ్డు వైపు ఒక్క గది వదలండి, శవాల ఫ్రీజర్ బాక్సు, నాలుగు వీల్ చైర్లు, ఆక్సిజన్ మిషను ఇప్పుడు అక్కడే ఉంటాయి, రాత్రి రెండింటికి ఎవరింట్లో ఏమైనా జరిగితే వాచ్‌మన్ తాళం తీసిస్తాడు, డిపాజిట్ అడగరు. ఎండాకాలం చలివేంద్రం కూడా అక్కడే. నోటీసులో ఆక్రమణ అన్న మాట మాత్రం కొట్టేయించండి. ఆ పదకొండు బండ్లవాళ్ళలో ఇద్దరు ఇంకా ఉన్నారు, వాళ్ళకి ఆ నోటీసు చదివి వినిపించింది నేనే.

చికాగో వాళ్ళ గురించి ఒకటి చదివాను. ఊరి కోసం వాళ్ళు మొదట పట్టుకున్న పని, 1907లో, సిటీలో పబ్లిక్ మరుగుదొడ్డి కట్టించడం. బీరు వ్యాపారులు, పెద్ద దుకాణాల వాళ్ళు అడ్డం పడ్డారట, మా దగ్గర ఉన్నాయిగా ఇంకెందుకని. మా బస్టాండు పక్కన మరుగుదొడ్డి కూడా రోటరీ వాళ్ళే కట్టించారు, దాని కరపత్రం ఉంది, తర్వాత మున్సిపాలిటీకి అప్పగించారు. ఇప్పుడు దానికి తాళం వేసి ఉంది. అది వేరే ఉత్తరం రాస్తాను.

జిరాక్సులు జతచేశాను. అసలు కాయితాలు పోస్టులో పంపను, క్షమించండి, నాన్న కట్టిన కట్ట నా చేత్తో విప్పి ఇవ్వలేను. కమిషనర్ గారినే ఒకసారి మా ప్రెస్సుకి పంపండి, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంటా, ఆదివారం కూడా. అటకెక్కడానికి నిచ్చెన ఉంది, కాస్త దుమ్ముంటుంది.

ఇట్లు,
23 పళ్ళ చక్రం వేసిన ప్రెస్సువాడు