కాన్పుకి రాలేనని నాన్నగారికి

బెల్‌వ్యూ, అమెరికా,
డిసెంబరు 2025

నాన్నగారికి నమస్కారం.

మేమిద్దరం బాగున్నాం. ఆఫీసు పని మామూలే. చెకప్‌లో బిడ్డ బాగుందన్నారు, నా కాళ్ల వాపులు తగ్గాయని అమ్మకి చెప్పండి.

ఫోన్లో గొంతు పూడుకుపోయి చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని మీకెంత ఆశో నాకు తెలియదా నాన్నా, నాకూ అంతే ఉంది. కానీ అక్కడికొస్తే మళ్లీ ఇక్కడికి రావడానికి కొత్తగా వీసా స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టు మీద వీసా ముద్ర, కావాలి. ఈ నెల 15 నుంచి మాలాంటి హెచ్1బి (ఉద్యోగ వీసా) వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు, అపాయింట్‌మెంట్ చేతిలో ఉన్నవాళ్లకే చాలామందికి మార్చికో ఆ తర్వాతకో జరిపేశారు. పసిబిడ్డతో నేనక్కడ, ఆయనొక్కరే ఇక్కడ, ఎన్నాళ్లని ఉంటాం?

బిడ్డకి అమెరికా పాస్‌పోర్టు కోసమే అక్కడ కంటోందని పెద్దమామయ్య అన్నమాట మాత్రం నాకు గుచ్చుకుంది. మేము గ్రీన్ కార్డుకి పెట్టింది 2021లో. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి వల్ల ఈబీ2 అనే మా గ్రీన్ కార్డు వరుసలో మనవాళ్లకి ఇప్పుడు 2013లో పెట్టినవాళ్ల వంతు నడుస్తోంది. మా వంతు ఎప్పటికో! పౌరసత్వం లేకపోతే ఈ బిడ్డ పుట్టిన ఊళ్లోనే వీసా మీద బతకాలి, 21 నిండితే మా డిపెండెంట్‌గా కూడా ఉండనివ్వరు. కన్నవాళ్లం, దాని గురించి ఆలోచించడం తప్పా?

ట్రంప్ జనవరి 20న ఇచ్చిన ఆర్డరు మాలాంటి వాళ్లకీ తగులుతుంది, నిజమే. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం, గ్రీన్ కార్డు రెండూ లేకపోతే బిడ్డకి పౌరసత్వం లేదంటుంది. కానీ అది ఇంతవరకూ అమల్లోకి రాలేదు. మూడు రోజులకే ఇక్కడి సియాటెల్ ఫెడరల్ జడ్జి, అప్పటి అధ్యక్షుడు రీగన్ నియమించిన పెద్దాయన, ఆపేశారు. జూన్‌లో సుప్రీంకోర్టు ఒక్క జడ్జి దేశమంతటికీ అలా ఆపకూడదంది. నాకు నెల తప్పిందని తెలిసిన రోజులవి, నిద్ర పట్టేది కాదు. జూలైలో న్యూహాంప్‌షైర్ జడ్జి ఇలాంటి పిల్లలందరి తరఫునా కలిపి మళ్లీ ఆపారు. ఇప్పుడు సుప్రీంకోర్టు కేసు తీసుకుంది, తీర్పు వచ్చే జూన్ ఆఖరుకి రావచ్చు, మన బిడ్డ ఫిబ్రవరిలోనే వచ్చేస్తుంది.

వాంగ్ కిమ్ ఆర్క్ అనే ఆయన గురించి మీకు చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకి పుట్టాడు. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే నువ్వు పౌరుడివి కాదు పొమ్మన్నారు. చైనా కూలీలని రానివ్వకుండా చట్టం ఉన్న రోజులు, అయినా పోరాడాడు. 1898లో సుప్రీంకోర్టు రాజ్యాంగం 14వ సవరణ ప్రకారం అతను పౌరుడేనని తీర్పిచ్చింది. ఆ తీర్పు మీదే ఇన్నేళ్లుగా ఇక్కడ అందరి పిల్లలూ పౌరులవుతున్నారు. భయం వేసినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను.

తమ్ముడు హెచ్1బికి లక్ష డాలర్ల ఫీజని ఎమ్మెస్ మానేస్తానంటున్నాడట. ఇక్కడే చదువుకుని స్టూడెంట్ వీసా నుంచి హెచ్1బికి మారేవాళ్లకి ఆ ఫీజు లేదని అక్టోబరులో స్పష్టంగా చెప్పారు. హెచ్1బి లాటరీలో పేరు రావడం సంగతి వేరు, తొందరపడొద్దనండి.

అమ్మకి విజిట్ వీసా ఉంది కదా, జనవరి టికెట్ మార్చొద్దు. కాయం, కరివేపాకు పొడి పంపండి. మీరు రాత్రిళ్లు ఆ టీవీ చర్చలు చూడటం ఆపి బీపీ మాత్ర వేసుకుని పడుకోండి, ఏదైనా కబురుంటే ముందు నేనే మీకు చెబుతాను.

మీ అమ్మాయి