గొంతు తీసేసిన పాట

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్‌లో "మా పిల్లకి ఈ కొరియా పాటల పిచ్చి పట్టిందిరా, పొద్దస్తమానం అదే గోల" అని మొత్తుకున్నావు కదా. నాకు ఊరికే ఉండబుద్ధి కాక, అసలు ఈ గోల ఎక్కడ మొదలైందా అని వెనక్కి తవ్వుకుంటూ పోయాను. రెండు రాత్రులు నిద్ర లేదు. మా ఆవిడ తిట్లు అదనం.

మొదలెట్టింది ముగ్గురు కుర్రాళ్ళురా. గ్రూపు పేరు సో తైజీ అండ్ బాయ్స్. 1992లో టీవీ పోటీకొచ్చి పాడితే జడ్జీలు అట్టడుగు మార్కులు వేశారు. చూస్తుండగానే ఆ పాటే దేశాన్ని ఊపేసింది! తైజీ హైస్కూల్ మధ్యలో మానేసి హెవీ మెటల్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించినవాడు. మిగతా ఇద్దరూ డాన్సర్లు. వాళ్ళలో యాంగ్ హ్యున్ సక్ తర్వాత పెట్టిన కంపెనీ నుంచే మీ అమ్మాయి వినే బ్లాక్‌పింక్ అనే అమ్మాయిల గ్రూపు వచ్చింది.

నేను ఆగిపోయింది మాత్రం వాళ్ళ ఆఖరి ఆల్బమ్ దగ్గర. నాలుగోది, 1995 అక్టోబర్‌లో వచ్చింది. అందులో 'కమ్ బ్యాక్ హోమ్' ఇల్లు వదిలి పారిపోయిన పిల్లల పాట. ముక్కుతో సాగదీస్తూ ర్యాప్. అది విని కొందరు పిల్లలు ఇళ్ళకి తిరిగొచ్చారని అప్పట్లో వార్తలొచ్చాయి. 2017లో బీటీఎస్ అనే కుర్రాళ్ళ గ్రూపు వాళ్ళు దాన్నే మళ్ళీ పాడారు.

అసలు సంగతి ఇంకో పాటది. 'సిదే యుగమ్'. తమాషా చూడు, అక్కడ 'సిదే' అంటే కాలం, 'యుగమ్' అంటే విచారం! అప్పట్లో అక్కడ పాట బయటికి రావాలంటే ముందు సెన్సార్ కమిటీ ఒప్పుకోవాలి. ఈ పాటలో నిజాయితీపరుల కాలం పోయిందనే మాట వాళ్ళకి మింగుడు పడలేదు. ఆ ముక్కలు మార్చమన్నారు. తైజీ ఏం చేశాడనుకున్నావ్? ఒక్క ముక్కా మార్చలేదు. మొత్తం తన గొంతే తీసేసి, వట్టి సంగీతం ఆల్బమ్‌లో పెట్టాడు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నానురా. గిటార్లు హోరెత్తుతుంటాయి, ఇప్పుడు అందుకుంటాడు, ఇదిగో ఇప్పుడు అందుకుంటాడు అని కాచుకుని ఉంటాం, ఎవడూ రాడు. మన సినిమాల్లో డైలాగ్ మధ్యలో మ్యూట్ పడితే నవ్వుకుంటామే, ఇక్కడ నవ్వు రాలేదు. అభిమానులు మండిపడ్డారు. ఆ సెన్సార్ పద్ధతి మీద జోంగ్ తె చున్ అనే జానపద గాయకుడు అప్పటికే ఏళ్ళ తరబడి పోరాడుతున్నాడు, ఆయన కష్టాన్నీ మరిచిపోకూడదు. చివరికి 1996 జూన్‌లో ముందస్తు సెన్సార్ ఎత్తేశారు. అప్పుడు గొంతుతో పాట బయటికొచ్చింది.

కాకపోతే అప్పటికి గ్రూపే లేదు. 1996 జనవరి 31న ప్రెస్‌మీట్ పెట్టి "ఇక చాలు" అనేశారు. తైజీకి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు కూడా నిండలేదు. మనం ఆ వయసులో ఏం వెలగబెట్టామో గుర్తు చేయకు.

నువ్వూ విను. ముందు గొంతు లేనిది, తర్వాత ఉన్నది. తిరగేసి వింటే మజా ఉండదు. 2024లో ఎస్పా అనే గ్రూపు అమ్మాయిలు కూడా ఆ పాట పాడారు, మీ పిల్లకి తెలిసే ఉంటుంది. పక్కన కూర్చోబెట్టుకుని విను, నాలుగు అక్షింతలు వేయడం తర్వాతైనా చేయొచ్చు.

నీ
రాఘవ