ఇంటికి తాళం ఉంటే ఊరు విడిచినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మా పాలమూరు పల్లెల్లో దసరా దాటితే వాడలు ఖాళీ అవుతాయి. బొంబాయి, పుణెల్లో మేస్త్రీల కింద పనికి పోయినవాళ్లు మళ్లీ మృగశిర కార్తెకే ఊరు చేరతారు. 2024 మే 13న ఓటేద్దామని మా పక్కింటి దంపతులు రెండు రోజుల కూలి వదులుకుని వచ్చారు. జాబితాలో ఇద్దరి పేర్లూ లేవు. ఇంటికి తాళం ఉందని ‘ఊరు విడిచారు’ అని రాసేశారట. ఆమె బడి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది.

మా తమ్ముడి సంగతి చూడండి. పదిహేనేళ్లుగా భార్యాపిల్లలతో కూకట్‌పల్లిలోనే ఉంటున్నాడు. అతని ఓటు మాత్రం మొన్నటిదాకా ఊళ్లో భద్రంగా ఉంది. ఎందుకంటే ఆ ఇంట్లో మా అమ్మ ఉంది, తలుపు కొడితే పలికే మనిషి ఉంది. నేను పట్టుబట్టి ఈ మధ్యే చిరునామా మార్పుకు ఫారం 8 పెట్టించి ఓటు హైదరాబాదుకు మార్పించాను.

చట్టం తలుపు తాళాన్ని కొలతగా పెట్టలేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో ‘సాధారణ నివాసి’ గురించి స్పష్టంగానే ఉంది. ఒకచోట సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కారు. కొన్నాళ్లు వేరేచోట ఉన్నంత మాత్రాన నివాసం పోదు. మా తమ్ముడికి మొదటి మాట వర్తిస్తుంది, పక్కింటివాళ్లకు రెండోది. జరిగింది మాత్రం తలకిందులుగా. పైగా ఇక్కడ ఉండటం లేదని పేరు తీసేసే ముందు ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షన్ అంటుంది. తాళం వేసిన తలుపుకు నోటీసు అంటిస్తే బొంబాయిలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

ఇది మా ఒక్క ఊరి బాధ కాదు. 2025లో బీహార్ ముసాయిదా ఓటర్ల జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకుండా పోతే, అందులో 36 లక్షల దాకా శాశ్వతంగా వెళ్లిపోయారనో, దొరకలేదనో తీసేసినవే. వాళ్లలో నిజంగా ఊరు మారినవాళ్లెందరు, పొట్టకూటికి పోయినవాళ్లెందరు?

అధికారులను కోరేది ఇదే. ఇంటింటికీ వచ్చే బూత్ స్థాయి అధికారులు (బీఎల్ఓలు) తాళం చూసి వెనుదిరగకుండా ఇరుగుపొరుగును అడిగి ఫోన్ చేయాలి. పల్లెల్లో ప్రతివాళ్ల నంబరూ ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. వలస ఊళ్లలో తొలగింపుల విచారణ మృగశిర దాటాక, గ్రామ పంచాయతీ దగ్గరే పెట్టాలి. అప్పుడు వాళ్లంతా ఊళ్లోనే ఉంటారు.

– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా