బీచ్‌లో సీసాలు ఏరితే సరిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మన వైజాగ్‌లో ఆదివారం వస్తే బీచ్ క్లీనింగ్ ఫొటోలు బానే వస్తున్నాయి, మంచిదే, కాదనట్లేదు, కానీ ఏరేదంతా సీసాలు, కవర్లే కదా (ఫొటోలకి అవే బాగుంటాయి లెండి). 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటారు, అవి గెడ్డల్లోంచి సముద్రంలోకి పోయి నీళ్ల మీద తేలుతుంటే చేతులతో ఎవరు ఏరతారు? నీటి పైపొరలో లెక్కపెట్టడానికి వాడే వలలకి కూడా కళ్లు మిల్లీమీటర్‌లో మూడో వంతు ఉంటాయి, బట్టలుతికితే వచ్చే సన్నటి పోగులు చాలావరకు అందులోంచి జారిపోతాయి, అంటే పేపర్లో వచ్చే లెక్క కూడా తక్కువేనన్నమాట.

ఇక ఓడల సంగతి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ కాలిపోయి సుమారు 1,680 టన్నుల ప్లాస్టిక్ గింజలు (ప్లాస్టిక్ వస్తువులు చేసే ముడిసరుకు, ఇవీ మైక్రోప్లాస్టిక్కే) సముద్రం పాలయ్యాయి, 2025 మేలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సి ఎల్సా 3 మునిగితే అవే తెల్ల గింజలు తిరువనంతపురం ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. వాటిని కంటైనర్లలో ఎలా పంపాలో అంతర్జాతీయ సముద్ర సంస్థ 2024లో సూచనలు ఇచ్చింది, కానీ పాటించి తీరాలని రూల్ లేదు! మన పోర్టుకీ కంటైనర్లు వస్తున్నాయి కదా, రేపు ఇక్కడ అలా జరిగితే ఆ గింజలు ఏరేదెవరు, వేటకెళ్లేవాళ్లకి నష్టం కట్టేదెవరు అన్నది అధికారులు ముందే చెప్పాలి. ఈలోగా గెడ్డలు సముద్రంలో కలిసే చోట జాలీలన్నా పెట్టించండి, సన్నటివి ఆగకపోయినా రేపు ముక్కలయ్యే కవర్లు ఆగుతాయి.

— ఓ పాఠకుడు, విశాఖపట్నం