కొలరాడో గొర్రెపిల్ల

కర్నూలు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. జవాబు రాయనందుకు కోప్పడకు. ఇంట్లో అందరూ కులాసా. పాపకి పళ్ళు వస్తున్నాయి, అమ్మ మోకాలు నొప్పి అలాగే ఉంది, ఈ ఏడాది నాకు ట్రాన్స్‌ఫర్ లేనట్టే. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి. నీకు చెప్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

డిస్కవరీలో 'డర్టీ జాబ్స్' గుర్తుందా? హాస్టల్ టీవీ రూములో చూసేవాళ్ళం. టోపీ పెట్టుకుని మురుగులోనూ పేడలోనూ దిగే మైక్ రో! మొన్న రాత్రి పాప పడుకోనివ్వక ఫోన్ చూస్తుంటే 2008లో ఆయన ఇచ్చిన టెడ్ ప్రసంగం కనబడింది. అది చూశాక ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

ఒరేయ్, ఆయన ఒపెరా పాటగాడట! పుట్టింది 1962లో, అమెరికాలోని బాల్టిమోర్‌లో. 1990లో క్యూవీసీ అనే షాపింగ్ ఛానెల్‌కి ఉద్యోగానికి పోతే, చేతికో పెన్సిల్ ఇచ్చి దీని గురించి ఎనిమిది నిమిషాలు మాట్లాడమన్నారట. మాట్లాడాడు, ఉద్యోగం వచ్చింది. నాకు వెంటనే నీ దువ్వెన ఉపన్యాసం గుర్తొచ్చింది. వార్డెన్ ముఖం కూడా! ఇంకా రాస్తే దారి తప్పుతాను.

తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ టీవీ కార్యక్రమానికి యాంకర్. సూటూ బూటూ, మంచి హోటళ్ళు. అప్పుడు వాళ్ళమ్మ ఫోన్ చేసిందట. తాతకి తొంభై ఏళ్ళు, పోయేలోపు నువ్వు కాస్త పనిలా కనబడే పని చేస్తుంటే టీవీలో చూస్తే బాగుండు అని. ఆ తాత ఏడో తరగతితో చదువు ఆపేసి, ఇల్లు కట్టడం దగ్గర్నుంచి వైరింగ్ దాకా అన్నీ చేత్తో నేర్చుకున్న మనిషి. మనవడు కెమెరా పట్టుకుని నగరం కింద మురుగు సొరంగంలోకి దిగాడు. గోడల నిండా బొద్దింకలు. పక్కనున్న కార్మికుడు మాత్రం పుచ్చిన ఇటుకలు తవ్వి కొత్తవి పెట్టుకుంటూ పోయాడట. అక్కణ్ణుంచే 'డర్టీ జాబ్స్' పుట్టింది. 2005 నుంచి 2012 దాకా నడిచింది. దాదాపు మూడు వందల పనులు, యాభై రాష్ట్రాలు.

ఇప్పుడు ఆ ప్రసంగంలో చెప్పిన గొర్రెపిల్ల సంగతి. కొలరాడోలో ఓ గొర్రెల పెంపకందారు దగ్గరికి వెళ్ళాడు. పోతుపిల్లలకు బీజాలు తీసే పని. వెళ్ళేముందు జంతు సంరక్షణ సంస్థని అడిగితే, రబ్బరు రింగు వేస్తారు, కొన్నాళ్ళకి అదే ఊడి పడుతుంది, అదే సరైన పద్ధతి అన్నారట. తీరా అక్కడ ఆ రైతు పిల్లని పట్టుకుని, కత్తితో తిత్తి కొస కోసి, వంగి నోటితో కొరికి లాగేశాడు! మైక్ రో హడలిపోయి షూటింగ్ ఆపేశాడు. వాళ్ళ కార్యక్రమంలో రెండో టేక్ ఉండదు, అలాంటిది ఆపేశాడు. సరైన పద్ధతిలో చేద్దాం అన్నాడు. రైతు సరేనని ఇంకో పిల్లకి రింగు వేశాడు. అది వణుకుతూ రెండడుగులు వేసి కూలబడింది. ఎప్పటికి లేస్తుందంటే ఒక రోజు పడుతుంది అన్నాడు రైతు. ఊడి పడటానికి వారమట. మొదటి పిల్ల చూస్తే, రక్తం ఎప్పుడో ఆగిపోయి, గెంతుతూ గడ్డి మేస్తోంది.

పనిచేసే మనిషిని అడగకుండా పైనుంచి తీర్పు చెప్పాను, నాది తప్పు అని అంతమంది ముందు ఒప్పుకున్నాడురా. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో నీకు తెలుసు. పోయిన సంక్రాంతికి నాన్నతో ఏమన్నానో నీ ముందే కదా అన్నాను. ఈ మురికి షాపు మూసెయ్ నాన్నా అని.

పొద్దున్నే నాన్న మోటార్ రివైండింగ్ షాపుకి పోయాను. ఓ రైతు కాలిపోయిన బోరు మోటారు తెచ్చాడు. నాన్న మూత విప్పి, వాసన చూసి, వేలితో కాయిల్స్ తడిమారు. "ఏం చూస్తున్నావు నాన్నా?" అని అడిగాను. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి అడిగాను! అన్ని కాయిల్సూ ఒకేలా నల్లబడితే లోడు ఎక్కువై కాలినట్టట. కొన్నే మాడి మిగతావి రాగి రంగులోనే ఉంటే ఒక ఫేజ్ పోయినట్టట. ఇది రెండోది. ఊరికే చుట్టిచ్చేస్తే వారంలో మళ్ళీ కాలిపోతుంది, ముందు స్టార్టర్ చూపించుకో అని రైతుకి చెప్పి పంపించారు. గోళ్ళలో వార్నిష్ అలాగే ఉంది.

ఒక్కచోట మాత్రం మైక్ రోతో నా మనసు కలవడం లేదు. ఆయన మురుగులోంచి పైకొచ్చి స్నానం చేసి ఇంటికి పోయాడు. మన దగ్గర ఆ పనిలోకి కులమే నెడుతుంది. మాన్‌హోల్లో దిగినవాడు పైకి వస్తాడన్న నమ్మకం లేదు. ఆ పని మనుషులతో చేయించకూడదని 2013లో చట్టం వచ్చింది. చనిపోతే ఇచ్చే పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు ముప్ఫై లక్షలకి పెంచింది. అంటే ఇంకా చనిపోతున్నారనే కదా. సఫాయి కర్మచారుల ఉద్యమ నాయకుడు బెజవాడ విల్సన్ జీవితమంతా దాన్ని ఆపడానికే ధారపోశాడు. అక్కడ ఆ పనికి గౌరవం ఇవ్వాలి అంటే నాకు నోరు రావడం లేదు, మనిషి అందులోకి దిగకుండా... దీని గురించి నువ్వు వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఆమె చేసిన ఉసిరికాయ పచ్చడి సీసా ఖాళీ అయిపోయింది, ఆ సంగతి కూడా. నాన్న పిలుస్తున్నారు, లారీలోంచి మోటారు దించాలట, ఇద్దరు కావాలట.

మిగతాది రాత్రికి రాస్తా.

నీ రమణ