చెరువు కట్టలో కారుతున్న పొర్లు నీటి గొట్టం గురించి ఇంజనీరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంజనీరు గారికి,

గుంటూరు సమీపంలోని మా ఊరి మంచినీటి చెరువులో మట్టం పెరిగినప్పుడు మిగులు నీటిని మురుగు కాలువలోకి దింపే సిమెంటు గొట్టం, కట్ట మధ్యలో అతుకు విడిచి కారుతోందని తమ దృష్టికి తెస్తున్నాము. గొట్టం నోటి నుంచే కాక దాని అంచు వెంబడి కూడా నీరు ఊరుతోంది. గ్లాసులో పట్టి ఉంచితే అడుగున నల్లమట్టి పేరుకుంటోంది. తేటనీరు కారితే కొంత ఆగవచ్చును గాని, బురదనీరు వస్తున్నదంటే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నదని అర్థం. మా భయమంతా ఇదే. నల్లరేగడి ఎండకు బీటలు వారుతుంది కనుక, గొట్టం చుట్టూ ఏర్పడిన సందులోకి వానాకాలపు నీరు ఒక్కసారిగా చొరబడితే కట్టే తెగవచ్చును.

గతంలో బయటి చివర సిమెంటు పూసి వెళ్లారు. ఆ పూత నీటిని ఆపదు సరికదా, దారి మూసుకున్న నీటిని కట్టలోకే నెడుతుంది. దయచేసి మట్టం తగ్గించి, గొట్టం బయటపడే వరకు తవ్వించి, పగిలిన అతుకు మార్పించి, చుట్టూ కాంక్రీటు పట్టీ కట్టించి, ఇసుకతో కాకుండా తడిపిన బంకమట్టితో 15 సెంటీమీటర్ల పొరలుగా పూడ్పించి దిమ్మిస కొట్టించండి. వేసవికి సాగునీటి కాలువలకు నీరు ఆపేసే ముందు చెరువు నింపుతారు కనుక, ఆలోగా ఈ పని పూర్తి చేయించవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
ఈ చెరువు నీరు తాగే గ్రామస్థులు